గేదె ఇచ్చారు, శిక్షణ ఇచ్చారు, కుటుంబం నిలదొక్కుకుందా? క్రైస్తవ సేవాసంస్థల ‘స్వావలంబన’ లెక్క

విదేశీ విరాళాల అనుమతి రద్దయి ఏదో ఒక క్రైస్తవ సేవాసంస్థ వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ రెండు మాటలే గట్టిగా వినిపిస్తాయి. సేవ పేరుతో మతం మారుస్తున్నారని ఒకరంటారు. పేదల నోటి దగ్గర కూడు లాగేశారని మరొకరంటారు. ఈ గొడవలో అసలు అడగాల్సిన ప్రశ్న మరుగున పడిపోతుంది. కుటుంబాల్ని సొంత కాళ్ల మీద నిలబెడతామని ఆ సంస్థ చెప్పింది కదా, మరి నిలబెట్టిందా?

పని ఫలించిందా, డబ్బు చట్ట ప్రకారం వచ్చిందా, సాయానికి మతాన్ని ముడిపెట్టారా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి దొరికిన జవాబు ఇంకోదానికి పనికిరాదు. చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించే సంస్థ పథకం దండగ కావచ్చు. మతం గురించి బాహాటంగా మాట్లాడే సంస్థ వల్ల ఆదాయం పెరగనూవచ్చు.

‘సాయం’ అనే ఒక్క మాట కింద ఏమేం ఉంటాయి

తుపానుకు ఇల్లు కూలిన వారికి బియ్యం, దుప్పట్లు ఇవ్వడం ఉపశమనం. దానికి ఫలితం ఆ రోజే తెలిసిపోతుంది, తిన్నారా లేదా అన్నదే కొలమానం. పిల్లల చదువుకు నెలనెలా డబ్బు పంపే స్పాన్సర్‌షిప్ ఫలితం తెలియడానికి పదిహేనేళ్లు పడుతుంది. కుటుంబానికి గేదెలో, మేకలో, కుట్టు మిషనో ఇచ్చి ఆదాయ మార్గం చూపడం మూడో రకం. యువతకు పని నేర్పి ఉద్యోగం చూపించడం నాలుగోది.

స్వావలంబన అన్న మాట చివరి రెండింటికే నేరుగా వర్తిస్తుంది. వాటిని కొలవాల్సింది సంస్థ ఊళ్లో ఉన్నప్పుడు కాదు, వెళ్లిపోయాక. వార్షిక నివేదికల్లో మాత్రం నాలుగూ కలిసిపోయి ‘ఇంత మంది లబ్ధిదారులు’ అనే ఒకే అంకెగా కనిపిస్తాయి. ఒకసారి దుప్పటి తీసుకున్న మనిషీ, రెండేళ్లు వెన్నంటి ఉండి నిలబెట్టిన కుటుంబమూ ఆ అంకెలో సమానమే.

స్పాన్సర్‌షిప్: 145 వేల మంది పిల్లలు, ఒక పరిశోధన

కంపాషన్ ఇంటర్నేషనల్ అమెరికా కేంద్రంగా పనిచేసే ఎవాంజెలికల్ (సువార్త ప్రచారానికి ప్రాధాన్యమిచ్చే ప్రొటెస్టెంట్) సంస్థ. 1952లో కొరియా యుద్ధ అనాథల కోసం మొదలైంది. విదేశంలో ఉన్న దాత ఒక పిల్లవాడి పేరు మీద నెలనెలా సొమ్ము పంపుతాడు. స్థానిక చర్చి ఆధ్వర్యంలో నడిచే కేంద్రంలో ఆ పిల్లవాడికి ట్యూషన్, భోజనం, వైద్య పరీక్షలు, వాటితో పాటు బైబిలు బోధన అందుతాయి. మరో క్రైస్తవ సంస్థ వరల్డ్ విజన్ పద్ధతి వేరు. అక్కడా దాతకు ఒక పిల్లవాడి ఫోటో వస్తుంది గానీ, సొమ్మును కలిపి ఆ ప్రాంతం మొత్తానికి నీళ్లు, బడి, ఆరోగ్యం వంటి పనుల మీద ఖర్చు పెడతారు. ‘నా డబ్బు ఆ పిల్లవాడికే వెళ్లిందా’ అన్న అనుమానం చాలామందికి వచ్చేది ఈ తేడా తెలియకే.

కంపాషన్ పథకం మీద బ్రూస్ వైడిక్, పాల్ గ్లెవీ, లైన్ రట్‌లెడ్జ్ చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. భారత్ సహా ఆరు దేశాల్లో పదివేల మందికి పైగా వివరాలు సేకరించారు. ఇందులో చిక్కు ఏమిటంటే, చురుకైన తల్లిదండ్రులే పిల్లల్ని ఇలాంటి కేంద్రాల్లో చేరుస్తారు. అలాంటప్పుడు ఫలితం పథకానిదా, తల్లిదండ్రులదా? పరిశోధకులు దీనికి వయసు నిబంధనను వాడుకున్నారు. కేంద్రం ఊరికి వచ్చేనాటికి 12 ఏళ్లు దాటిన పిల్లల్ని చేర్చుకునేవారు కాదు. కాబట్టి ఒకే ఇంట్లో అన్నకు అవకాశం పోయి తమ్ముడికి దక్కిన సందర్భాలు బోలెడు. ఆ అన్నదమ్ముల్ని పోల్చి చూస్తే స్పాన్సర్‌షిప్ పొందినవారు 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారు. మాధ్యమిక విద్య పూర్తి చేసినవారి వాటా 44.5 శాతం నుంచి మరో 12–18 పాయింట్లు పెరిగింది. ఇది చిన్న ఫలితమేమీ కాదు.

అయితే ఈ పథకం మన దేశంలో కొనసాగలేదు. 2016లో కేంద్ర హోంశాఖ ఈ సంస్థను ముందస్తు అనుమతి జాబితాలో పెట్టింది. అంటే ఆ సంస్థ నుంచి డబ్బు రావాలంటే ప్రతిసారీ అనుమతి తీసుకోవాలి. మత మార్పిడులకు నిధులు వెళ్తున్నాయన్నది ప్రభుత్వ అభ్యంతరం, సంస్థ దాన్ని తోసిపుచ్చింది. 2017 మార్చి 15న భారత్‌లో పని ముగించే నాటికి సుమారు 1,45,000 మంది పిల్లలు నమోదై ఉన్నారు. దాతకు, పిల్లవాడికి మధ్య నడిచే ఏ పథకానికైనా ఈ బలహీనత తప్పదు. కారణం ఎవరి వైపు ఉన్నా డబ్బు వచ్చే గొట్టం ఎక్కడ తెగితే అక్కడితో సరి.

ఒక గేదె లెక్క

ఆదాయ మార్గం విషయానికొద్దాం. విరాళాల పోస్టర్ల మీద పశువు బొమ్మ ఊరికే వేయరు. అమెరికాలోని బ్రెథ్రెన్ చర్చి సభ్యుడు డాన్ వెస్ట్ మొదలుపెట్టిన హైఫర్ ఇంటర్నేషనల్ 1944లో తొలి విడతగా పెయ్యల్నే ప్యూర్టో రికోకు ఓడలో పంపింది. పుట్టిన మొదటి ఆడ దూడను మరో పేద కుటుంబానికి ఇవ్వాలన్నది షరతు. ఆలోచన చక్కగానే ఉంది. రోజువారీ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. అంకెలు ఊరిని బట్టి మారతాయి.

ఒక సంస్థ ఒంటరి తల్లికి 80,000 రూపాయల ముర్రా జాతి గేదెను ఉచితంగా ఇచ్చిందనుకుందాం. ఈతకూ ఈతకూ మధ్య 450 రోజులు. అందులో పాలిచ్చేది 290 రోజులు, వట్టిపోయి ఉండేది 160 రోజులు. సగటున రోజుకు 7 లీటర్లు ఇస్తే ఒక లీటరు ఇంట్లో వాడుకుని 6 లీటర్లు పాల కేంద్రంలో పోస్తారు. వెన్న శాతాన్ని బట్టి లీటరుకు 55 రూపాయలు పడితే 290 రోజులకు 95,700 రూపాయలు. పాలిచ్చే రోజుల్లో దాణా, మేత కలిపి రోజుకు 170 రూపాయల చొప్పున 49,300. వట్టి రోజుల్లో 80 చొప్పున 12,800. మందులు, ఎద కట్టించడం, ఖనిజ లవణాలు, బీమా కలిపి 8,000. మొత్తం ఖర్చు 70,100. మిగులు 25,600 రూపాయలు.

దాన్ని 450 రోజులకు పంచితే రోజుకు 57 రూపాయలు. రోజూ మూడు నాలుగు గంటల చాకిరీకి వచ్చేది అది. ఉపాధి హామీలో 2025–26కి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలీ 307 రూపాయలుగా ఉండేది. దూడ విలువ, ఇంట్లో తాగిన పాలు కలిపినా ఒక్క గేదెతో కుటుంబం గడవదు.

ఇదే గేదెను ఉచితంగా కాక 60,000 అప్పుతో ఇస్తే కథ ఇంకా బిగుసుకుంటుంది. 12 శాతం వడ్డీతో 36 నెలలకు కిస్తీ దాదాపు 1,993 రూపాయలు. సగటు మిగులు నెలకు 1,710. పాలిచ్చే నెలల్లో చేతికి 4,800 దాకా వస్తుంది కాబట్టి కిస్తీ సులువుగా కట్టేస్తారు. వట్టిపోయిన అయిదు నెలలు ఆదాయం సున్నా, మేతకు నెలకు 2,400 చేతి నుంచి పోవాలి. కిస్తీ తప్పేది అక్కడే. గేదెను సంతకు తోలేదీ అప్పుడే. బయటి నుంచి చూసేవారికి అది ‘నిర్లక్ష్యం’లా కనిపిస్తుంది, నిజానికి కూడికలూ తీసివేతలే.

అనుభవమున్న సంస్థలు కొన్ని జాగ్రత్తలు పెట్టేది ఇందుకే. మొదటి కొన్ని నెలలు ఇంటి ఖర్చుకు చిన్న భత్యం ఇస్తారు, లేకపోతే గేదె దాణా డబ్బులు ఇంటి బియ్యానికి పోతాయి. రెండో పశువును ఆరేడు నెలల తేడాతో ఇస్తారు, ఒకటి వట్టిపోయేసరికి ఇంకోటి ఈనాలి. బీమా చేయించి చెవికి ట్యాగు వేయిస్తారు. ఆ ట్యాగు ఊడిపోతే పశువు చచ్చినా క్లెయిము రాదు, ఊళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పొదుపు మాత్రం మన దగ్గర కొత్తగా నేర్పనక్కర్లేదు, డ్వాక్రా సంఘాలు ఇంటింటా ఉన్నాయి. సేవాసంస్థ వచ్చి మరో సంఘం పెడితే అదే మహిళ రెండు చోట్ల అప్పు తీసుకోవడం తప్ప ఒరిగేది తక్కువ.

మెదక్‌లో కుదరనిది ముర్షిదాబాద్‌లో ఎందుకు కుదిరింది

పశువు, భత్యం, శిక్షణ, వారం వారం ఇంటికి వచ్చే ఫీల్డ్ వర్కర్, పొదుపు. వీటన్నిటినీ కలిపి రెండేళ్ల పాటు ఇచ్చే పద్ధతిని బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టింది. బ్రాక్ క్రైస్తవ సంస్థ కాదు. అయినా ఇవాళ చాలా చర్చి సంస్థలు అనుసరించే నమూనా ఇదే.

పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో బంధన్ సంస్థ దీన్ని అమలు చేసింది. పదేళ్ల తర్వాత కూడా ఆ కుటుంబాల ఆదాయం, తిండి ఖర్చు పథకం అందని కుటుంబాల కంటే మెరుగ్గా ఉన్నాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, గరిమా శర్మ తేల్చారు. హోండురాస్‌లో అదే నమూనా బోల్తా కొట్టింది. అక్కడ ఎక్కువ కుటుంబాలకు ఇచ్చిన కోళ్లు జబ్బు చేసి చచ్చాయి.

మనకు దగ్గరి ఉదాహరణ మెదక్. ఉమ్మడి రాష్ట్రంలో ఉండగా స్వయం కృషి సంఘం అక్కడ ఇదే పథకం నడిపింది. జోనథన్ మోర్డక్, షమికా రవి, జోనథన్ బాషే దాన్ని పరీక్షించి, చివరికి నికరంగా మిగిలిన ప్రభావం లేదని రాశారు. పథకం సరిగా నడవక కాదు. ఆ కాలంలో అక్కడ వ్యవసాయ కూలి రేట్లు పెరిగాయి. పశువులు తీసుకున్న మహిళలు కూలి పనులు తగ్గించుకున్నారు, తీసుకోని మహిళలు కూలికి వెళ్లి అంతే సంపాదించారు. పైన వేసిన 57 రూపాయల లెక్క పక్కన కూలి రేటు పెట్టి చూస్తే ఇది వింతగా అనిపించదు. కూలి దొరకని చోట గేదె ఆదాయం కొత్త ఆదాయం. కూలి దొరికే చోట అది ఉన్న ఆదాయానికి బదులు వచ్చిన ఆదాయం.

ఈ ఫలితం ఎవరి గొప్పా ఎవరి తప్పూ కాదు. అదే పథకం ఊరు మారితే వేరే ఫలితం ఇస్తుందన్నదే దీని అర్థం. ఫోటోల్లో మాత్రం మెదక్ గేదె, ముర్షిదాబాద్ ఆవు ఒకేలా కనిపిస్తాయి.

యువతకు శిక్షణ: నూరు మందిలో చివరికి ఎందరు

యువతకు పని నేర్పడంలో క్రైస్తవ సంస్థలకు పాత అనుభవం ఉంది. ఇటలీలోని ట్యూరిన్‌లో క్యాథలిక్ గురువు డాన్ బోస్కో 1850ల మొదట్లోనే పనివాళ్ల దగ్గర చేరే కుర్రాళ్ల కోసం రాతపూర్వక ఒప్పందాలు రాయించాడు. యజమాని కుర్రాడి చేత ఇంటి చాకిరీ చేయించకూడదు, కొట్టకూడదు, ఆదివారం సెలవివ్వాలి, జీతం ఎప్పుడు ఎంత పెంచాలి అన్నవి అందులో ఉండేవి. ఆయన స్థాపించిన సలేషియన్ సభ వారే విజయవాడలో వీధి బాలల కోసం నవజీవన్ బాలభవన్ నడుపుతున్నారు. ఆ ఒప్పందంలో గమనించాల్సింది, ఆయన శ్రద్ధ తరగతి గది మీద కన్నా పనిచోటి మీద ఎక్కువ. ఇప్పటి పథకాలు తడబడేది సరిగ్గా ఆ తర్వాతి దశలోనే.

మరో ఊహా లెక్క. మనిషికి 30,000 ఖర్చుతో 100 మందికి నర్సింగ్ సహాయకుల కోర్సు, మొత్తం 30 లక్షలు. 84 మంది పూర్తి చేశారు, 62 మందికి నియామక పత్రాలు వచ్చాయి. ‘74 శాతం మందికి ఉద్యోగాలు’ అని నివేదికలో వస్తుంది, తప్పేమీ కాదు. ఆరు నెలల తర్వాత పనిలో ఉన్నది 38 మంది అనుకుందాం. అప్పుడు ఒక్కో ఉద్యోగానికి అయిన ఖర్చు 48,000 నుంచి 79,000కు చేరుతుంది. ఆ 38లో 20 మందికి ఈ కోర్సు లేకున్నా అలాంటి ఉద్యోగం దొరికేదేమో. అదే నిజమైతే పథకం వల్ల నిలబడింది 18 మంది, ఖర్చు తలా 1,66,000 పైచిలుకు. ఒకే కోర్సు, ఒకే డబ్బు, మూడు జవాబులు. వీటిలో మొదటిదే కరపత్రం మీద అచ్చవుతుంది.

మానేసే కారణాలు ఊహించదగ్గవే. మొదటి జీతం వచ్చేసరికి నలభై రోజులు పడుతుంది, అప్పటిదాకా నగరంలో హాస్టలు అద్దె ఎవరు కడతారు? రాత్రి డ్యూటీలకు ఇంట్లో ఒప్పుకోరు. పెళ్లి కుదురుతుంది. ఊళ్లో కోతల కాలం వస్తుంది. కేంద్ర ప్రభుత్వ దీన్ దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన కనీసం మూడు నెలలు పనిలో ఉంటేనే ఉద్యోగంగా లెక్కగట్టేది ఇందుకే. సొంత విరాళాలతో నడిచే సంస్థలకు ఆ పాటి నియమమూ ఉండాలని లేదు.

బైబిలు పాఠం వల్ల ఆదాయం పెరుగుతుందా

ఇది వెటకారం కాదు, నిజంగా పరీక్షించిన ప్రశ్న. ఫిలిప్పీన్స్‌లో ఇంటర్నేషనల్ కేర్ మినిస్ట్రీస్ అనే క్రైస్తవ సంస్థ అతిపేద కుటుంబాలకు 15 వారాల కార్యక్రమం నడుపుతుంది. వారానికి గంటన్నర సమావేశం. అందులో మూడు భాగాలు: క్రైస్తవ విలువలు, ఆరోగ్యం, జీవనోపాధి. గారడ్ బ్రయన్, జేమ్స్ చోయ్, డీన్ కార్లన్ అనే ఆర్థికవేత్తలు 320 సముదాయాల్ని లాటరీ పద్ధతిలో నాలుగు వర్గాలుగా విడగొట్టారు. కొందరికి మూడు భాగాలూ, కొందరికి మత బోధన తీసేసి మిగతా రెండు, కొందరికి మత బోధన ఒక్కటే, కొందరికి ఏదీ లేదు. మొత్తం 6,276 కుటుంబాలు. తన పనిలో మతం వాటా ఎంతో బయటివారిని కొలవనిచ్చిన సంస్థలు అరుదు, ఆ ధైర్యాన్ని ఒప్పుకోవాలి.

2021లో వచ్చిన ఫలితాలు ఇరుపక్షాలకూ పూర్తిగా అనుకూలించవు. కార్యక్రమం ముగిసిన ఆరు నెలలకు మత బోధన విన్న కుటుంబాల్లో భక్తితో పాటు ఆదాయమూ పెరిగింది. పట్టుదల పెరగడం దీనికి కారణం కావచ్చని పరిశోధకుల అంచనా. కానీ తిండి ఖర్చులో, ఆహార భద్రతలో, జీవితం మీద సంతృప్తిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పైగా ఇరుగుపొరుగుతో పోల్చుకుని తాము వెనకబడి ఉన్నామన్న భావన పెరిగింది. ముప్పై నెలలకు భక్తి తీవ్రతలో తేడా మాయమైంది. మిగిలిన స్పష్టమైన తేడా, క్యాథలిక్కులమని చెప్పుకునేవారు తగ్గి ప్రొటెస్టెంట్లమనేవారు పెరగడం. ఆదాయ మార్గం కోసం వచ్చినవారి సభ్యత్వం మారిందని విమర్శకుడు దీన్నే చూపిస్తాడు, బోధన మనిషికి ఊతమిచ్చిందని సమర్థకుడూ దీన్నే చూపిస్తాడు.

ఆకలికీ బాప్తిస్మానికీ మధ్య ఎడం

తెలుగునాట ఈ వాదన కొత్తది కాదు. 1876–78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గంజి కేంద్రంతో ఆగకుండా బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేల మందికి, ఎక్కువగా మాదిగలకు, కూలి దొరికింది. భిక్ష కాదు, పనికి జీతం. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అయినా ‘బియ్యం క్రైస్తవులు’ అన్న నింద ఆగలేదు. ఎడం పాటించానన్నది ఆయన వాదన. మేలు చేసిన చేతిని మరిచిపోవడానికి ఏడాది చాలదన్నది ఎదుటివారి వాదన. రెంటిలోనూ నిజం పాలు ఉంది.

ఇప్పటి నియమాలు ఆ ఎడాన్ని రాతలో పెట్టే ప్రయత్నాలే. విపత్తు సాయంపై 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి ప్రకారం సాయాన్ని మత దృక్పథ ప్రచారానికి వాడకూడదు. దాన్ని రూపొందించిన వాటిలో క్రైస్తవ సంస్థలైన కారిటాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ కూడా ఉన్నాయి. దేశంలో చూస్తే, మతాన్ని ప్రచారం చేసుకునే హక్కులో ఇతరుల్ని మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. ప్రలోభంతో మార్చడాన్ని పొరుగున ఒడిశా 1967లోనే నేరం చేసింది. అయితే ఏది ప్రలోభం? గేదె ఇచ్చి ప్రార్థనకు రమ్మంటే అందరూ ఔననొచ్చు. పాస్టరే లబ్ధిదారుల జాబితా తయారుచేస్తే, ఎవరూ ఏమీ అడగకపోయినా, వచ్చే ఏడాది జాబితా కోసం ఆదివారం చర్చికి వెళ్లేవారు ఉంటారు. మాటతో పని లేని ఒత్తిడి అది, ఏ చట్టానికీ తేలిగ్గా చిక్కదు.

20 శాతం గీత ఎక్కడ కోస్తుంది

ఇక డబ్బు. విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది అయిదేళ్లకు చెల్లుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా ఎఫ్‌సీ-4 పత్రంలో లెక్కలు ఇవ్వాలి. 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా కోల్పోయింది ఈ రిజిస్ట్రేషన్‌నే. దేశంలోని విరాళాల సంగతి వేరు. దాతలకు 80జీ పన్ను మినహాయింపు ఉన్న సంస్థ 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆదాయంలో 5 శాతం దాకా మాత్రమే మత కార్యక్రమాలకు వాడే వీలుండేది.

2020లో ఈ విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణలు మూడు ముఖ్యమైన పనులు చేశాయి. విదేశీ సొమ్ము మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. విదేశీ విరాళంలో పరిపాలన ఖర్చుకు ఉన్న పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పారదర్శకత కోసమని ప్రభుత్వం అంది, 2022లో నోయెల్ హార్పర్ కేసులో సుప్రీంకోర్టు మొదటి రెంటినీ సమర్థించింది. గొలుసుకట్టు బదిలీల్లో డబ్బు ఎక్కడ తేలిందో తెలియని పరిస్థితి నిజంగానే ఉండేది.

దెబ్బ మాత్రం చిన్న సొసైటీల మీద పడింది. ఢిల్లీ, చెన్నైలలోని పెద్ద సంస్థల ద్వారా నిధులు పొందే పల్లె సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. ఇక 20 శాతం గీత స్వావలంబన పథకాలకే ఎక్కువగా తగులుతుంది. దుప్పట్లు పంచే సంస్థ ఖర్చంతా దుప్పట్ల మీదే, పరిపాలన నామమాత్రం. ఇంటింటికీ వారం వారం తిరిగే పథకంలో ఖర్చు మనుషుల మీద. ఆసుపత్రి డాక్టరు జీతాన్ని, బడి పంతులు జీతాన్ని పరిపాలన ఖర్చుగా చూడనక్కర్లేదని నిబంధనలు చెబుతాయి. గేదె ఎద గురించీ, పొదుపు పుస్తకం గురించీ మాట్లాడి వచ్చే ఫీల్డ్ వర్కర్ జీతాన్ని ఏ పద్దులో చూపాలన్నది ఆడిటర్‌తో తేల్చుకోవాల్సిన తగాదా.

అన్నిటికంటే ముందు కోత పడేది, పథకం ముగిసిన రెండేళ్లకు వెనక్కి వెళ్లి ఆ కుటుంబం ఎలా ఉందో చూసే పనికి. అది కొత్త లబ్ధిదారును చూపించదు, ఫోటో ఇవ్వదు, పద్దుల్లో పరిపాలనగానే పడే ప్రమాదం ఉంది, దాతలూ అడగరు. ముర్షిదాబాద్, మెదక్, ఫిలిప్పీన్స్ గురించి మనకు తెలిసింది విశ్వవిద్యాలయాల వాళ్లు పరిశోధన నిధులతో వచ్చి లెక్కపెట్టారు కాబట్టే.